కుక్కనేమంటారో మరిచిపోయిన ఊరు

1725లో ఉత్తర జర్మనీలోని సూటెన్ అనే చిన్న ఊళ్ళో ఒక కాశ్తకార్ కలం పట్టుకుని కూర్చున్నాడు. పేరు యోహాన్ పారుమ్ షుల్ట్సె. వయసు 47. పొలం దున్నుకుంటూ, ఊరి సరాయి నడుపుకుంటూ బతికే మనిషి. యూనివర్సిటీ గడప తొక్కినవాడు కాదు. ఏ దర్బారులోనూ కొలువు లేదు. ఆ జమానాలో రైతు కలం పట్టడమే తక్కువ. పడితే గిడితే అప్పు పద్దో, శిస్తు లెక్కో రాసుకునేవాడు. ఇతను మాత్రం తన ఊరి తారీఖ్ రాయడానికి కూర్చున్నాడు.

ఆ రాతలో ఒకచోట తన మనసులోని ఫిక్ర్ బయటపెట్టాడు. తనూ, తన ఊళ్ళోనే ఇంకో ముగ్గురూ కన్నుమూస్తే, తమ జబాన్‌లో కుక్కని ఏమంటారో సరిగ్గా చెప్పగలిగే మనిషి కూడా మిగలడని దాని మతలబు.

అతను ఏ లఫ్జ్‌ని ఎంచుకున్నాడో చూడండి. దేవుడి పేరో, రాజు బిరుదో, ఏ పండగ పేరో తీసుకోలేదు. కుక్క. పొద్దున లేస్తే వాకిట్లో తోక ఊపుకుంటూ ఎదురొచ్చే జంతువు. పండితుల మాటలు పోతే పండితులు ఏడుస్తారు. వాకిట్లో కుక్కని పిలిచే మాటే పోయిందంటే ఇక ఇల్లే ఖాళీ అయినట్టు. రైతు కాబట్టి అతనికి ఆ సంగతి తెలుసు.

ఆ జబాన్ కథా, దాన్ని ఆరు వందల ఏళ్ళపాటు తమ గుండ్రటి ఆంగన్‌లలో దాచుకున్న పల్లెల కథా చెప్పుకుందాం.

గుర్రపు నాడా లాంటి ఊరు

హాంబర్గ్‌కీ బెర్లిన్‌కీ మధ్య, ఎల్బె నదికి ఎడమ ఒడ్డున వెండ్లాండ్ అనే ఇలాకా ఉంది. ఇవాళ్టి లెక్కలో లోయర్ సాక్సనీ రాష్ట్రం, ల్యూఖో-డానెన్‌బర్గ్ జిల్లా. జనాభా యాభై వేలకు అటూ ఇటూ. జర్మనీ గ్రామీణ జిల్లాల్లో ఇంత తక్కువ జనం ఉన్నది ఇంకొకటి లేదు. తమ పొరుగున ఉన్న స్లావ్ జాతుల వాళ్ళని జర్మన్లు వెండ్‌లు అనేవాళ్ళు. వెండ్‌ల నేల కనుక వెండ్లాండ్. రష్యన్, పోలిష్, చెక్ జబాన్‌లు ఏ ఖాందాన్‌వో వీళ్ళ జబాన్ కూడా ఆ ఖాందాన్‌దే. ఎల్బెని స్లావ్‌లు లాబె అంటారు. అందుకని పండితులు దీనికి పొలాబియన్ అని పేరు పెట్టారు, అంటే లాబె ఒడ్డు భాష. ఊరి జనం మధ్య మాత్రం దాని పేరు వెండిష్.

ఈ ఇలాకాలోని పల్లెల నక్షా పైనుంచి చూస్తే ముచ్చటేస్తుంది. గుర్రపు నాడా ఎలా ఉంటుందో ఊరు అలా ఉంటుంది. మధ్యలో ఒక మైదాన్. దాని చుట్టూ వలయంలా ఇళ్ళు. ప్రతి ఇంటి ముఖమూ మైదాన్ వైపే. ఊళ్ళోకి రావడానికి పాత రోజుల్లో ఒకటే దారి, పోవడానికీ అదే. ఇంటి వెనక దొడ్డి, చెట్లు, ఆ వెనక పొలాలు. కోసిన రొట్టె ముక్కలా ఇంటి దగ్గర సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ వెడల్పవుతుంది ఒక్కొక్కరి జాగా. చర్చి ఉన్న ఊళ్ళలో కూడా అది చాలాచోట్ల ఈ వలయానికి బయటే నిలబడి ఉంటుంది. ఇలాంటి ఊరిని జర్మన్‌లో రుండ్లింగ్ అంటారు. ఇప్పటికీ వెండ్లాండ్‌లో దాదాపు వంద ఊళ్ళలో ఈ ఆకారాన్ని గుర్తుపట్టొచ్చు. సాటెమిన్, ల్యూబెల్న్, ష్రయాన్, బుస్సావ్, జామెల్న్... పేర్లు వింటేనే తెలుస్తుంది, ఇవి పుట్టుకతో జర్మన్ పేర్లు కావని.

ఊరు గుండ్రంగా ఎందుకు కట్టారు? దుష్మన్‌ల నుంచి హిఫాజత్ కోసమని ఒకప్పుడు చెప్పేవాళ్ళు. రాత్రి పశువుల్ని మధ్యలో తోలి దారి మూసేయడానికని ఇంకొందరు. ఇది స్లావ్‌ల పాత రివాజ్ అని మరికొందరు. అయితే వోల్ఫ్‌గాంగ్ మైబయర్ అనే భూగోళ పండితుడు ఈ ఊళ్ళ జమీన్ లెక్కల్ని ఏళ్ళ తరబడి తవ్వి ఇంకో మాట చెప్పాడు. ఇవి 12వ శతాబ్దంలో ఒక పథకం ప్రకారం పుట్టిన బస్తీలని. జర్మన్ సర్దార్‌లు స్లావ్ ఇలాకాల మీద పట్టు బిగిస్తున్న రోజులవి. కొత్త జమీన్ సాగులోకి తేవాలి, శిస్తు రావాలి. అందుకని అక్కడి స్లావ్ రైతుల్నే తెచ్చి, కొలిచి ఇచ్చిన జాగాల్లో కూర్చోబెట్టారు. మొదట్లో ఒక్కో ఊళ్ళో ఇళ్ళు కొద్దే. తర్వాత వాటాలు చీలి ఇళ్ళు పెరిగి వలయం నిండింది.

అంటే ఊరి ఆకారం వెనక జర్మన్ హుకూమత్ చెయ్యి ఉంది. ఆ ఆకారం లోపల వినబడిన మాట మాత్రం స్లావ్ మాట. ఈ రెండూ ఒకే ఆంగన్‌లో ఆరు వందల ఏళ్ళు కాపురం చేశాయి.

ఒకే కప్పు కింద మనిషీ పశువూ

ఆ ఇంటి లోపలికి ఒకసారి వెళ్ళొద్దాం. ముందు పెద్ద దర్వాజా. గడ్డి బండి సీదా లోపలికి వచ్చేంత పెద్దది. దాటితే పొడుగాటి హాలు, మట్టి నేల. అటూ ఇటూ కొట్టాలు, ఒకవైపు ఆవులు, ఇంకోవైపు గుర్రాలు. హాలు చివర నేల మీదే పొయ్యి. దాని చుట్టూ ఖాందాన్ జిందగీ మొత్తం. ఆ ఇళ్ళకి పొగగొట్టం ఉండేది కాదు. పొయ్యి పొగ పైకి లేచి, కప్పు కింద నిల్వ చేసిన పంటని ఎండబెట్టి, వేలాడదీసిన మాంసాన్ని పాడవకుండా కాపాడి, సందుల్లోంచి బయటికి పోయేది. పశువుల ఒంటి వేడే చలికాలంలో ఇంటికి సగం వెచ్చదనం.

ఈ ఇల్లు వెండ్‌ల సొంతం కాదు. ఉత్తర జర్మనీ మైదానాల్లోని జర్మన్ రైతులు కూడా ఇలాంటి ఇళ్ళలోనే బతికారు. వెండ్‌లు వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు, నేర్చుకుని తమ గుండ్రటి ఊరికి తగ్గట్టు నిలబెట్టుకున్నారు. ముఖం మైదాన్ వైపు పెట్టి, ఆ ముఖాన్ని ఓక్ దూలాల అల్లికతో సింగారించారు. పెద్ద దర్వాజా మీది దూలం మీద ఆ ఇల్లు కట్టిన మియా-బీవీల పేర్లు, సంవత్సరం, ఒక దువా లాంటి వాక్యం చెక్కించేవాళ్ళు. ఆ దూలాల మీద అక్షరాలు జర్మన్‌వి.

ఊళ్ళో అందరిదీ ఒకటే హైసియత్ కాదు. పూర్తి వాటా ఉన్న రైతు, సగం వాటా రైతు, గుడిసె జాగా తప్ప పెద్దగా ఏమీ లేని వాడు, ఇలా దర్జాలు ఉండేవి. ఊరి పెద్దని షుల్ట్సె అనేవాళ్ళు, మన పటేల్ లాగా. చాలా ఊళ్ళలో అతని ఇల్లు ఊరి దారికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. వచ్చేవాడెవడో మొదట అతనికే కనబడాలి. పారుమ్ షుల్ట్సె ఇంటిపేరు కూడా ఆ పదవిలోంచి వచ్చిన మాటే. పొలాన్ని వారసులందరికీ పంచడం ఉండేది కాదు. ఒక్క వారసుడికే మొత్తం దక్కేది. మిగతా వాళ్ళు వేరే ఇళ్ళకి కోడళ్ళుగానో అల్లుళ్ళుగానో పోవాలి, లేకపోతే నౌకరీ వెతుక్కోవాలి. జమీన్ మీద పైన జాగీర్దార్‌లకి హక్కులు. వాళ్ళకి ధాన్యం వాటా ఇవ్వాలి, ఏడాదిలో ఇన్ని రోజులని వెట్టి చాకిరీ చేయాలి, తమ గుర్రాలతో వాళ్ళ బండ్లు తోలాలి. డబ్బు కట్టి ఈ బందిఖానా నుంచి బయటపడే చట్టం హానోవర్ రియాసత్‌లో 1833లో గానీ రాలేదు. అప్పటికి వెండిష్ జబాన్ ఖబర్‌లో పడుకుని చాలా కాలమైంది.

నవ్వులో ఉన్న జహర్

జబాన్ ఎలా పోయింది? పైనుంచి దబావ్ ఉంది. అది కాదనలేం. 14వ శతాబ్దం నుంచి ఉత్తర జర్మనీ పట్నాల్లో చేతిపనుల సంఘాలు ఒక షర్త్ పెట్టడం మొదలుపెట్టాయి. చెప్పులు కుట్టాలన్నా, బట్ట నేయాలన్నా, రొట్టె కాల్చాలన్నా సంఘంలో చేరాలి. చేరాలంటే పుట్టుక జర్మన్‌దై ఉండాలి. వెండ్ బిడ్డకి పట్నంలో హునర్ నేర్చుకునే దర్వాజా బంద్. చర్చిలో బోధ జర్మన్‌లో. కచేరీలో దస్తావేజు జర్మన్‌లో. బజారులో బేరం జర్మన్‌లో. వెండిష్‌కి మిగిలింది పొలమూ, పొయ్యీ, గుండ్రటి మైదానూ.

అయినా ఆ మూడు చోట్లా అది చాలాకాలం బతికింది. పొయ్యి దగ్గర మాట్లాడే జబాన్‌ని ఏ హుకూమత్ వచ్చి ఆపగలదు? దాన్ని ఆపింది ఇంకేదో.

అదేమిటో మనకి చెప్పినవాడు క్రిస్టియన్ హెన్నిగ్. వుస్ట్రో అనే చిన్న పట్నంలో పాస్టర్. జర్మన్ మనిషే, కానీ తన చర్చికి వచ్చే ముసలి రైతుల జబాన్ అతన్ని పట్టేసింది. ఒక్కో లఫ్జూ అడిగి రాసుకోవడం మొదలుపెట్టాడు. మొదటిసారి పోగేసిన కాగితాలు మంటల్లో కాలిపోయాయి. మనిషి కుంగిపోలేదు, మళ్ళీ మొదలుపెట్టాడు. క్లెన్నో అనే ఊరి రైతు యోహాన్ యానీష్గె అతనికి ఉస్తాద్. పాస్టర్ జర్మన్ మాట చెప్తే, రైతు వెండిష్ మాట చెప్పేవాడు. అలా 1705 ప్రాంతంలో ఒక పెద్ద లుగత్ తయారైంది. పొలాబియన్ గురించి ఇవాళ దునియాకి తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం ఈ ఇద్దరి మెహనతే.

ఆ లుగత్ ముందుమాటలో హెన్నిగ్ ఊరి హాల్ చెప్తాడు. వెండిష్ ఇప్పుడు కొందరు ముసలివాళ్ళే మాట్లాడుతున్నారట. అది కూడా తమ పిల్లల ముందు, పడుచు వాళ్ళ ముందు మాట్లాడటానికి జంకుతున్నారట. ఎందుకంటే వాళ్ళు నవ్వుతారు. పడుచు వాళ్ళకి తమ మాదరీ జబాన్ అంటే అంత నఫ్రత్ పుట్టిందట. నేర్చుకోవడం మాట అటుంచి, వినడానికే ఇష్టపడటం లేదట. ఇలాగే పోతే ఇరవై ముప్పై ఏళ్ళలో ఈ జబాన్ ఖతం అవుతుందని అతని అందాజ్.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడ ఇంట్లోకి జొరబడిన సిపాయి లేడు. కొరడా లేదు. తాత ఏదో అంటాడు, మనవడు ఫక్కున నవ్వుతాడు. తాతకి షరమ్ అనిపిస్తుంది. మరుసటి రోజు అదే మాట జర్మన్‌లో అంటాడు. అంతే, ఒక లఫ్జ్ పోయింది. ఆ నవ్వు మనవడికి ఎక్కడినుంచి వచ్చింది? పట్నంలో సంఘం గుమాస్తా నవ్వుంటాడు, బజారులో బేరగాడు నవ్వుంటాడు, కచేరీలో మున్షీ నవ్వుంటాడు. మూడు నాలుగు వందల ఏళ్ళు బయట నవ్విన నవ్వు చివరికి ఇంటి పిల్లవాడి నోట్లోకి వచ్చి కూర్చుంది. బయటివాడి తిట్టుని మనిషి తట్టుకుంటాడు. సొంత ఔలాద్ నవ్వుని తట్టుకోలేడు.

ఇంకో నిషాని చూడండి. క్రైస్తవుల ముఖ్యమైన దువా పరలోకంలోని తండ్రిని పిలవడంతో మొదలవుతుంది. హెన్నిగ్ దాని వెండిష్ రూపాన్ని రాసి పెట్టాడు. అందులో తండ్రి అనే చోట ఉన్న మాట వాదెర్. అది జర్మన్ మాట, వెండ్‌ల నోట్లో పడి కొంచెం అరిగింది. మిగతా వాక్యం స్లావ్‌ది, తండ్రి మాత్రం జర్మన్. బాప్ అనే లఫ్జే అరువు తెచ్చుకున్నాక జబాన్ ఏ హాలత్‌లో ఉందో వేరే చెప్పాలా? మరోపక్క గురువారాన్ని వాళ్ళు పెరుందాన్ అనేవాళ్ళు. పెరున్ స్లావ్‌ల పాత ఉరుముల దేవుడు. జర్మన్‌లో కూడా గురువారం ఉరుముల దేవుడి రోజే. దువాలో తండ్రి మారిపోయాడు కానీ వారాల్లో ఆ పాత దేవుడు పేరుకి అలాగే ఉండిపోయాడు.

దర్బారులో ఒక ఆలిమ్, పొలంలో ఒక రైతు

అదే కాలంలో హానోవర్ దర్బారులో లైబ్నిజ్ ఉన్నాడు. గణితంలో, ఫల్సఫాలో యూరప్ మొత్తం సలాం కొట్టిన ఆలిమ్. దునియాలోని జబాన్‌లన్నిటినీ పోల్చి చూస్తే జాతుల పాత తారీఖ్ తెలుస్తుందని అతని నమ్మకం. తన రియాసత్ మూలలోనే ఒక స్లావ్ జబాన్ బతికుందని విని 1691లో ల్యూఖో అధికారి మిథోఫ్‌కి ఖత్ రాశాడు, వెండ్‌ల మాటలు పంపమని. మిథోఫ్ కొన్ని మాటలు, దువా, రివాజుల గురించి కొన్ని సంగతులు పంపాడు. లైబ్నిజ్ పోయాక 1717లో అచ్చయిన అతని భాషా సంకలనంలో అవి చోటు చేసుకున్నాయి.

ఆలిమ్‌లకి కావలసింది నమూనా. పెట్టెలో పెట్టి దాచుకునే సీతాకోకచిలుక లాంటిది. తప్పు పట్టడానికి లేదు. వాళ్ళు రాసుకోకపోతే ఇవాళ మనకి ఏమీ మిగిలేది కాదు. కానీ పారుమ్ షుల్ట్సె రాత వేరు. అతను లోపలివాడు. పొలాబియన్ మాట్లాడే సమాజం లోపలి నుంచి వచ్చి, దాన్ని రాసిపెట్టినవాడు దాదాపు అతనొక్కడే. జర్మన్‌లో తన ఊరి సంగతులు రాస్తూ, మధ్యలో వెండిష్ మాటల పట్టిక పెట్టాడు. ఇంట్లో రోజూ వాడే మాటలు. తన తర్వాత వచ్చేవాళ్ళ చేతికి అమానత్ అప్పజెప్తున్నట్టు.

అతను 1740లో పోయాడు. 1756 అక్టోబర్‌లో వుస్ట్రో చర్చి రిజిస్టర్‌లో ఒక మౌత్ ఖబర్ ఎక్కింది. డోల్గో ఊరి బేవా ఎమరెన్ట్స్ షుల్ట్సె, 88 ఏళ్ళు. వెండిష్ చక్కగా మాట్లాడనూ పాడనూ వచ్చిన ఆఖరీ మనిషి ఆమేనని రాసుకున్నారు. చివరి రోజుల్లో ఆ ముసలమ్మ ఎవరితో మాట్లాడి ఉంటుంది? జబాన్ అన్నాక కనీసం ఇద్దరు కావాలి. ఒక్కరికే వచ్చిన జబాన్ ఇక యాది మాత్రమే. ముక్కలు ముక్కలుగా కొన్ని మాటలు తెలిసిన మనిషి 1825 దాకా ఉన్నాడని చెప్తారు. ఆ తర్వాత ఖామోషీ.

మిగిలింది ఎంత? ఇంచుమించు 2,800 మాటలు. కొన్ని దువాలు, కొద్దిపాటి ముచ్చట్లు, ఒకే ఒక షాదీ పాట. ఆ పాట మజాక్ పాట. పక్షులూ జంతువులూ కలిసి చేసే షాదీ. గుడ్లగూబ దుల్హన్, పిట్టంత పిట్ట దుల్హా, తోడేలు బావర్చీ, కుందేలు షరాబ్ పోసేవాడు. హెర్డర్ తన జానపద గీతాల సంకలనంలో దాన్ని జర్మన్ తర్జుమాలో వేశాడు. గోథె 1782 నాటి తన నాటకం ‘జాలరి పిల్ల’లో వాడుకున్నాడు. ఆ షాదీ పాటని పుట్టించిన జబాన్‌కి అప్పటికే జనాజా లేచింది. పాట మాత్రం జర్మన్ బట్టలు కట్టుకుని పెద్ద దర్బారుల్లో నవ్వులు పూయించింది.

కితాబ్ దొరికిన వాళ్ళు, దొరకని వాళ్ళు

ఇంకో సవాల్ ఉంది. జర్మనీలో స్లావ్‌లు వెండ్లాండ్‌లోనే లేరు. తూర్పున లౌసిట్స్ ఇలాకాలో సోర్బ్‌లు ఉన్నారు. వాళ్ళనీ జర్మన్లు వెండ్‌లనే పిలిచారు. వాళ్ళ మీదా అదే దబావ్, అదే నవ్వు. అయినా సోర్బియన్ జబాన్ ఇవాళ్టికీ బతికే ఉంది. బళ్ళు ఉన్నాయి, అఖ్బార్ ఉంది, రేడియో ఉంది. మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్నారనే పరేషానీ వాళ్ళకీ ఉంది గానీ జబాన్‌కి ప్రాణం ఉంది.

ఫరక్ ఎక్కడ వచ్చింది? వాళ్ళు ఎక్కువమంది, వాళ్ళ ఇలాకా పెద్దది. అది ఒక కారణం. ఇంకో కారణం కితాబ్. ఎగువ సోర్బియన్‌లో కొత్త నిబంధన 1706లో అచ్చయింది, దిగువ సోర్బియన్‌లో 1709లో. పూర్తి బైబిల్ 1728లో వచ్చింది. హెన్నిగ్ వుస్ట్రోలో చివరి ముసలివాళ్ళ నుంచి మాటలు ఏరుకుంటున్న సంవత్సరాలే అవి. అక్కడ పాస్టర్‌లు తమ జనం జబాన్‌లో బోధించడానికి కితాబులు రాశారు. అచ్చులో తమ జబాన్ చూసుకున్న పిల్లవాడు దాన్ని చూసి అంత తేలిగ్గా నవ్వడు. వెండ్లాండ్‌లో పొలాబియన్‌లో ఒక్క కితాబ్ కూడా అచ్చు కాలేదు. దాని గురించి వచ్చినవన్నీ బయటివాళ్ళ కోసం వచ్చిన కితాబులే. అది చదువుకునే పిల్లవాడి చేతికి ఏ కితాబూ రాలేదు.

మాట పోయింది, ఊరు మిగిలింది

జబాన్ పోయినా రైతుల జిందగీ ఆగలేదు. నిజానికి ఆ తర్వాతే ఊళ్ళకి బర్కత్ వచ్చింది. వెండ్లాండ్ రైతులు ఫ్లాక్స్ పండించేవాళ్ళు. మన అవిసె జాతి మొక్క. దాని నార తీసి చలికాలమంతా ఇంటిల్లిపాదీ వడికి, లినెన్ నేసేవాళ్ళు. 18వ శతాబ్దంలోనూ 19వ శతాబ్దం మొదటి సగంలోనూ ఆ బట్ట దూరదూరాలకి అమ్ముడుపోయింది. ఇవాళ టూరిస్టులు ఫొటోలు తీసుకునే పెద్ద పెద్ద ఇళ్ళు ఎక్కువగా ఆ లినెన్ పైసలతో లేచినవే. సాటెమిన్ ఊరు 1850లో తగలబడిపోయింది. రైతులు వెంటనే మళ్ళీ కట్టుకున్నారు, అదే గుండ్రటి వరసలో. అందుకే ఆ ఊళ్ళో ఇల్లు తర్వాత ఇల్లు, దూలం మీద 1850 అనే అంకె కనిపిస్తుంది.

తర్వాత మిషన్ మీద నేసిన చవక నూలు బట్ట వచ్చింది. లినెన్ దెబ్బతింది. కొత్తగా కట్టడానికి పైసలు లేవు. ఆ గరీబీయే పాత ఇళ్ళని కాపాడింది. కూలగొట్టి కొత్తది లేపడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

1945 తర్వాత సరిహద్దు వచ్చి పడింది. దేశం రెండు ముక్కలైనప్పుడు వెండ్లాండ్ పడమటి జర్మనీలో ఉండిపోయి, మూడు వైపులా తూర్పు జర్మనీ కంచెతో చుట్టుముట్టబడింది. డ్యోమిట్స్ దగ్గర ఎల్బె మీది వంతెనలు జంగ్ ఆఖరి రోజుల్లో కూలిపోయాయి. రోడ్డు వంతెన మళ్ళీ 1992లో గానీ లేవలేదు. రైలు వంతెన ఇప్పటికీ మొండెంలా నిలబడి ఉంది. కార్ఖానాలు రాలేదు, పడుచు వాళ్ళు పట్నాలకి పోయారు. ఖాళీ అయిన ఇళ్ళని హాంబర్గ్, బెర్లిన్ నుంచి వచ్చిన చిత్రకారులు, కుమ్మరి పని చేసేవాళ్ళు, రచయితలు కొనుక్కున్నారు. 1969లో రుండ్లింగ్‌ల హిఫాజత్ కోసం ఒక అంజుమన్ పుట్టింది. ల్యూబెల్న్‌లో పాత ఇళ్ళతో ఒక మ్యూజియం వెలిసింది.

ఇక 1977. ఫిబ్రవరి 22న లోయర్ సాక్సనీ హుకూమత్ ఒక ఎలాన్ చేసింది. ఎల్బె ఒడ్డున గోర్లెబెన్ అనే ఊరి దగ్గర, నేల కింద ఉప్పు గుట్టలో, దేశం మొత్తం అణు కచరాని పాతిపెడతామని. మూడు వైపులా కంచె, తక్కువ జనం, గరీబ్ రైతులు. ఎవరు అడుగుతారులే అనుకుని ఉంటారు. రైతులు అడిగారు. 1979 మార్చిలో ట్రాక్టర్లు తోలుకుని హానోవర్ దాకా జులూస్ తీశారు. అక్కడికి చేరేసరికి లక్షమంది జమయ్యారు. 1980 మేలో బోరు తవ్వే జాగాలోనే కర్రలతో గుడిసెలు వేసి తమదొక ముల్క్ అని ఎలాన్ చేశారు. దాని పేరు స్వేచ్ఛా వెండ్లాండ్ రిపబ్లిక్. 33 రోజుల తర్వాత, జూన్ 4న పోలీసులు వచ్చి కూలగొట్టారు. పోరాటం మాత్రం నలభై ఏళ్ళు నడిచింది. 2020 సెప్టెంబర్‌లో గోర్లెబెన్‌ని ఆ జాబితాలోంచే తీసేశారు.

ఆ 33 రోజుల ముల్క్‌కి పాస్‌పోర్టు కూడా ఉండేది. దాని పేరు వెండ్ పాస్. ఒక్క క్షణం ఆలోచించండి. ఏ పేరు చెప్తే సంఘంలో చేర్చుకోలేదో, ఏ మాట పలికితే మనవడు నవ్వాడో, ఆ పేరునే 1980లో జనం ఇజ్జత్‌గా జేబులో పెట్టుకు తిరిగారు. వాళ్ళలో చాలామంది వెండ్‌ల ఔలాద్ కానే కాదు. జర్మన్ మాట్లాడే జర్మన్లు. హుకూమత్‌తో తలపడాల్సి వచ్చినప్పుడు నిలబడటానికి ఆ నేలలో వాళ్ళకి దొరికిన పేరు అది. ఖుష్ అవ్వాలో అఫ్సోస్ పడాలో తెలియని సంగతి. వెండ్ అనే పేరుకి ఇజ్జత్ తిరిగొచ్చేసరికి, వెండిష్‌లో ఆ ముచ్చట చెప్పుకోవడానికి మనిషి లేడు.

తారీఖ్‌లో జబాన్‌ల మౌత్ గురించి మాట్లాడేటప్పుడు మనం తలవార్లూ ఫర్మానాలే వెతుకుతాం. వెండ్లాండ్ చెప్పే సబక్ ఇంకొంచెం దగ్గరిది. ఇళ్ళు బాగున్నాయి, ఊరి ఆకారం చెక్కు చెదరలేదు, పొలాలు అవే, ఊరి పేర్లు అవే. ఊరు ఉన్నంత మాత్రాన మాట ఉండదు. మాట నిలబడాలంటే అది పలికినప్పుడు ఇంట్లో పిల్లవాడు నవ్వకూడదు. ఆ పిల్లవాడికి నవ్వు నేర్పింది ఎవరో కూడా మనం మరిచిపోకూడదు.

పారుమ్ షుల్ట్సె ఫిక్ర్ సగమే నిజమైంది. వెండిష్‌లో కుక్కని ఏమంటారో ఇవాళ మనకి తెలుసు. తెలుగులో రాస్తే ప్యాస్ అన్నట్టు ఉంటుంది, పోలిష్ వాళ్ళ ప్యెస్‌కి చుట్టం. అతనూ, హెన్నిగ్ పాస్టరూ, యానీష్గె రైతూ రాయబట్టే తెలిసింది. లుగత్‌లు తిరగేస్తే ఎవరికైనా దొరుకుతుంది. సూటెన్‌లో ఇప్పుడూ కుక్కలున్నాయి. పొద్దున వాకిట్లోకి వచ్చి నిలబడతాయి. ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు.